పుట్టింటి బట్ట

"నీళ్లిస్తె ముట్టలేదు. లోపటికి రమ్మంటె రాడు. పోనీ వాపసు పోతడా అంటె అదీ లేదు. అరుగు మీద కూసోని గోడ దిక్కు చూస్తుండు. నన్నేం చెయ్యమంటవ్ చెప్పు?"

బడి నుంచి ఆదరాబాదరా వచ్చిన కురుమయ్యకు వాకిట్లోనే ఎదురై భాగ్యమ్మ ఒక్క గుక్కలో అనేసింది. మొగుడి చేతిలో గొడుగు అందుకోవాలన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

"వదినె ఏది?"

"అక్క లోపట మూట కడుతుంది. పుట్టిల్లు ఇటిక్యాలకు పోతదంట. మళ్ల రాదంట."

కురుమయ్యకు నమ్మశక్యం కాలేదు. పొద్దున తనకు రొట్టె చేసి పెట్టి, పప్పులో ఉప్పు ఎక్కువైందని తనను తానే తిట్టుకున్న మనిషి, మధ్యాహ్నానికి మళ్లీ రానంటుందా? ఎండకు వచ్చిన చెమట కాస్తా ఒంటి మీదే చల్లబడింది.

అరుగు మీద కూర్చున్నవాడు తిమ్మప్ప. వదిన బాలనాగమ్మకు స్వయానా అన్న. కురుమయ్య చిన్నప్పుడు చెల్లెలితో ఏదో మాటామాటా వచ్చి, "నువ్వు బతికుండంగ నీ గడప తొక్క. ఇగ నీ సావుకే వస్త" అని ఒట్టు పెట్టుకుని పోయిన మనిషి. పెద్దమనిషి మాట మీద నిలబడ్డాడు. చావుకే వచ్చాడు. వీధి మొదట్లోనే "చెల్లే, నన్నిడిసి పోతివా" అని గుండెలు బాదుకుంటూ వచ్చాడు. అంతా బాగానే ఉంది గాని, చచ్చిపోయిన చెల్లెలు పిండి చేతులతో ఎదురొచ్చి, "ఏమైంది అన్నా, ఎవరు పోయిండ్రు?" అని అడిగింది.

తిమ్మప్ప ఒళ్లో కొత్త చీర ఉంది. చనిపోయిన ఆడబిడ్డ మీద పుట్టింటివాళ్లు తెచ్చి కప్పే బట్ట అది.

ఇరుగుపొరుగుకు ఇంతకన్నా ఏం కావాలి! గోడ అవతలి నుంచి భీమమ్మ తల పెట్టి ఉచిత సలహా ఇచ్చింది. "సావు కబురు తప్పొస్తె మంచిదేనమ్మా, ఆయుష్షు పెరుగుతది. ఆ బట్టను మాత్రం ఇంట్లకు తేకుండ్రి. ముండ్లకంప మీద పడేయుండ్రి."

తిమ్మప్ప పక్కన నిలబడిన నడివయసు మనిషి చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. "సలాం సాబ్. నేను ఇమామ్ సాహెబ్‌ను. ఇటిక్యాలల బట్టలు కుడుత. తప్పంత నాదే. సదివింది నేనే."

"ఏం చదివినవ్ ఇమామ్ సాబ్?"

"మీ పత్రికనే సాబ్. శనివారం శనివారం నా మిషన్ కాడ మీ కథ సదువుత. ఊరోళ్లంత వచ్చి కూసుంటరు. మొన్న సదువుతుంటె, 'బాలనాగమ్మ కన్ను మూసింది' అని వచ్చె. తిమ్మప్ప పటేల్ ఉన్నపళంగ లేచిండు. బీచుపల్లి కాడ పుట్టి ఎక్కి ఏరు దాటినం. పెబ్బేరుల బండి మాట్లాడుకొని వచ్చినం."

"అది నవల, ఇమామ్ సాబ్! కల్పించి రాసిన కథ!"

"కథ కాదని ఎవరన్నరు సాబ్? కాని పేరు ఆమెదే. ఊరు వనపర్తే. వాడ గీ వాడే. మీ అన్న పాము గరిసి పోయింది నిజమే. ఆమె కుడిచేతి మీద కాలిన మచ్చ నిజమే. గన్ని నిజాలు రాసి, సావొక్కటి ఉత్తదంటె మాకెట్ల తెలుస్తది చెప్పుండ్రి? పేపర్ల అచ్చేసిండ్రు గద!"

ఈ ప్రశ్నకు జవాబు కురుమయ్య చదివిన అలంకారశాస్త్రంలో ఎక్కడా లేదు.

నిజానికి ఇది ఆయన కోరి తెచ్చుకున్న తంటానే. కలం పట్టింది మొదలు విమర్శే రాశాడు. అచ్చయిన నవలనల్లా ఉతికి ఆరేశాడు. "పుస్తకాల్లో పుట్టిన పేర్లు మానండి. మన ఊళ్ల పేర్లు పెట్టండి. మన ఇళ్లలో మసిలే మనుషుల్ని రాయండి" అని పోరు పెట్టాడు. గద్వాల నుంచి హైదరాబాదు దాకా రచయితలు ఆయన పేరు చెబితే హడలిపోయేవారు. చివరికి పత్రిక సంపాదకుడే విసిగి, "చెప్పింది చాలు గాని, తమరే ఒకటి రాసి చూపండి" అన్నాడు. పౌరుషానికి పోయి మొదలుపెట్టాడు. తనను పెంచిన వదినకు దండం పెట్టుకున్నట్టుగా ఉంటుందని ఆమెనే నాయికను చేశాడు, ఆమె పేరే పెట్టాడు. మొన్నటి భాగంలో ఆమెను చంపాడు కూడా.

"ఇమామూ," అన్నాడు తిమ్మప్ప, గోడ మీంచి చూపు తిప్పకుండానే. ఇంటికొచ్చినప్పటి నుంచి ఆయన నోరు తెరవడం అదే మొదలు. "ఆయననడుగు. ఆ ఇంకో మాట గూడ ఉత్తదేనా అని."

"ఏ మాట బావా?"

తిమ్మప్ప ఇటు తిరగలేదు. "'పుట్టింట దిక్కు లేక మరిది పంచన పడి ఉన్నది' అని రాసిండు గద. అది గూడ కల్పించిందేనా, లేకుంటె నిజమే అనుకొని రాసిండా అని అడుగు."

అందులో తప్పేమిటో కురుమయ్యకు అర్థం కాలేదు. ఆ వాక్యం మీద ఆయనకు ఎంత మక్కువంటే, అది రాసిన రోజు భాగ్యమ్మను పిలిచి రెండుసార్లు చదివి వినిపించాడు. ఇప్పుడు ఆ మాటే ఈ మనిషి నోట వింటుంటే చెవుల్లో సీసం పోసినట్టుంది. లేచి లోపలికి నడిచాడు.

బాలనాగమ్మ అర్రలో కింద కూర్చుని చీరలు మడత పెడుతున్నది. ఉన్నవే నాలుగు చీరలు. మడిచినదాన్నే మళ్లీ విప్పి మడుస్తున్నది. కురుమయ్య గడపలో నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు.

"వదినె, కోపమొచ్చిందా?"

ఆమె ఇంకో చీర ఒళ్లోకి లాక్కుంది.

"నువ్వు సచ్చినట్టు రాసుడు తప్పే. కాని కథకు గట్ల కావాల్సొచ్చె. సదివెటోళ్ల కండ్లల్ల నీళ్లు తిరగాలె అని..."

"తిరిగినయ్ గద. మా అన్న పుట్టిల ఏడిసిండంట, బండ్ల ఏడిసిండంట. ఇంగ నీ కథకు ఏం తక్కువైంది?" అంది బాలనాగమ్మ. తర్వాత మెల్లగా, "సావుదేమున్నది కురుమా, పుట్టినోళ్లందరు పోవలసినోళ్లే. ఇమామ్ సాబ్ ఇందాక నాకు సదివి ఇనిపిచ్చిండు. మంచిగనే సంపినవ్ నన్ను. మంచం చుట్టు మనుషులు, నోట్ల తులసినీళ్లు. రాణి లెక్క పోయిన. దానికి నాకేం బాధ లేదు."

"మరి?"

ఆమె ఇప్పుడు తలెత్తి సూటిగా చూసింది. "దిక్కు లేక ఉన్ననని నీకెవరు చెప్పిండ్రు?"

ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మొగుడు పోయిన ఆడది, పిల్లలు లేరు, మరిది దగ్గర ఉండిపోయింది. దిక్కు లేకనే ఉండిపోయి ఉంటుందని ఆయనే అనుకున్నాడు. ఒకరిని అడగాలని కూడా తోచలేదు. ఎదుటివాళ్ల నవలల్లో ఇలాంటి ఊహ కనబడితే, "ఈ రచయిత మనుషులను అడగడు, అనుకుంటాడు" అని చీల్చి చెండాడేవాడు!

"నేనే... అనుకున్న," అన్నాడు.

"అనుకున్నవా? అయితె ఇను." ఆమె చీర పక్కన పెట్టింది. "మీ అన్న పోయిన ఏడు, పెద్దకర్మ అయినంక మా అన్న బండి కట్టుకొని వచ్చిండు. నాకు నడుము నొయ్యొద్దని బండ్ల గడ్డి పరిచి, మీద గొంగడేసుకొని వచ్చిండు. మా వదినె నా కోసం ఒక అర్ర అలికి పెట్టిందంట. 'పా చెల్లె, ఈడ నీకేమున్నది' అన్నడు. నువ్వు గప్పుడు బడికి పోయినవ్. నీకా అమ్మ లేదు, నాయన లేడు. ఉన్న ఒక్క అన్న పోయిండు."

"నన్ను గూడ తోల్కపోతె అయిపోవు గద వదినె."

"మా అన్న గదే అన్నడు. ఇద్దర్ని తోల్కపోత, పిలగాన్ని నా కొడుకు లెక్క చూస్త అన్నడు. కాని మా ఊర్ల బడి యాడిది? నువ్వు ఎడ్లెంబడి తిరుగుతుంటివి. నీకేమో పలక దొరికితె అన్నం యాదికుండకపోవు. నేను రానన్న. 'అన్న కంటె మరిదే ఎక్కువైండా నీకు?' అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"అయిండు అన్న."

కురుమయ్య గడపకు ఆనుకుని కింద కూలబడ్డాడు.

"ఆ ఒక్క మాటకు ఆయన ఒట్టు పెట్టుకున్నడు. ఉత్త బండి తోలుకొని పోయిండు. అటెంక మా అమ్మ పోయిందని కబురొస్తె నేను పోయిన గాని, ఆయన నా దిక్కు చూడలే."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఏం జేస్తుంటివి? ముద్ద నోట్ల పెట్టుకున్నప్పుడల్ల యాదికొస్తుండె. పిలగాడు అన్నం తినాలె గాని ఉపకారం తింటడా?"

కురుమయ్య కళ్లముందు ఎన్నెన్నో కదిలాయి. శ్రీరంగాపూర్‌లో హరికథ పెట్టారంటే చాలు, వదిన తన వేలు పట్టుకుని నడిపించుకుపోయేది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో, "కథ ఎట్లున్నది?" అని అడిగేది. బాగుందంటే ఊరుకునేది కాదు. "బాగుందంటె సాలదు. యాడ బాగుందో చెప్పు. యాడ బాగలేదో అది గూడ చెప్పు" అనేది. తను చెబుతుంటే నిజంగా వినేది, ఒప్పుకోకపోతే పోట్లాడేది. కురుమయ్య నేర్చిన విమర్శ అంతా ఆ దారిలో నేర్చిందే. పండితులు శాలువాలు కప్పిన సభల్లో గురువుల పేర్లు చాలా చెప్పాడు గాని, ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

"నేనీ దినం నాలుగక్షరాలు రాస్తున్ననంటె నీ పుణ్యమే వదినె," అన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. "నువ్వు గా బండి ఎక్కి ఉంటె నేను లేను."

"తెలుసు నాయనా. గందుకే ఎక్కలే." అంది బాలనాగమ్మ. "కాని ఆ నాలుగక్షరాలతోనే మా అన్నను తుడిచి పెట్టినవ్ గద."

"దిద్దుత. నిన్ను బతికిస్త. సావు కబురు తప్పని రాస్త, బతికొచ్చినవని రాస్త!"

తలుపు వెనక నుంచి భాగ్యమ్మ ఉలిక్కిపడి ముందుకొచ్చింది. "నువ్వా? గద్వాల ఆయనెవరో సచ్చిన నాయికను లేపిండని ఆయన్ను నవ్వులపాలు జేసి పెట్టలేదా? ఇప్పుడు నువ్వే లేపితె నిన్ను ఊరుకుంటరా? ఇన్నేండ్ల పేరు నీళ్లల్ల కలుస్తది."

"కలవనీ. నవ్వెటోళ్లను నవ్వనీ. వదినె కంటె పేరెక్కువనా నాకు?"

"నన్ను బతికియ్యొద్దు," అంది బాలనాగమ్మ.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"నా గురించి నువ్వు పేరు పోగొట్టుకోవద్దు. సచ్చినదాన్ని సావనీ. నన్ను సంపినవ్ గాని, మా అన్నను అసలు పుట్టనే లేదన్నట్టు చేసినవ్. ముందు ఆయన్ను పుట్టియ్యి." మూట ముడి బిగించి లేచింది. "దిక్కు లేనిదాన్ని కాదని ఊరందరికి తెల్వాలె. నేను మా అన్నెంబడి పోత."

కురుమయ్య బయటికొచ్చి అరుగు మీద కాదు, తిమ్మప్ప కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"బావా, అది కల్పించింది గాదు. నాకు తెల్వక నిజమనుకొని రాసిన. నన్ను తిట్టు, కొట్టు. వదినె ఇప్పుడే చెప్పింది, నువ్వు బండి కట్టుకొని వచ్చినవని. నన్ను గూడ కొడుకు లెక్క చూస్త అన్నవని."

తిమ్మప్ప చీర అంచును వేళ్లతో నలుపుతూ కూర్చున్నాడు.

"నా ఒట్టుకు నేనే బందీనైతి కురుమయ్యా," అన్నాడు చివరికి. "చెల్లె ఎట్లున్నదో పోయి చూద్దమంటె రోషం అడ్డమొచ్చె. నీ కథ మొదలైనంక వారం వారం ఇమామ్ కాడ కూసున్న. నా చెల్లె ఏం వండింది, యాడికి పోయింది, ఎప్పుడు నవ్వింది, అన్ని ఎరుకైతుండె. నువ్వు రాయకుంటె నాకెవరు చెప్తరు? మనసుల నీకు దండం పెట్టుకున్న."

"నాకు దండమెందుకు బావా..."

"జర ఇను. దిక్కు లేక ఉన్నది అని ఇమామ్ సదివిన దినం ఊరంత నా దిక్కు చూసింది. తలకాయ దించుకున్న. లేచి పోదమంటె, వచ్చే వారం చెల్లె కబురు తెల్వదాయె. గట్లనే కూసున్న."

ఇమామ్ సాహెబ్ మొహం పక్కకు తిప్పుకుని భుజం మీది రుమాలుతో కళ్లొత్తుకున్నాడు.

బాలనాగమ్మ ఒక చేత్తో మూట, ఒక చేత్తో నీళ్ల చెంబు పట్టుకుని వచ్చి అన్న ఎదుట నిలబడింది. "సావుకే వస్తనంటివి, వచ్చినవ్. నీ ఒట్టు తీరింది. ఇగ నీళ్లు తాగు."

తిమ్మప్ప చెల్లెలి మొహంలోకి చూశాడు. చెంబు అందుకుని, గటగటా తాగాడు. మీసాల మీది నీళ్లు తుడుచుకోకుండానే, "సన్నబడ్డవే చెల్లె," అన్నాడు.

"ముసలిదాన్నైన అన్నా."

ఆమె అన్న ఒళ్లోని చీర తీసుకుని మూటలోకి దూర్చబోయింది. గోడ మీంచి భీమమ్మ "అయ్యో, అపచారం!" అని కేక పెట్టింది. "మా అన్న తెచ్చిన చీర భీమమ్మా. ఇన్నేండ్లకు తెచ్చిండు. ముండ్లకంపకు ఇయ్య," అని బాలనాగమ్మ తెగేసి చెప్పింది. తిమ్మప్ప మాత్రం చీరను మళ్లీ లాక్కున్నాడు. "నీకు ఇంకోటి కొనిస్త. ఇది నా కాడనే ఉండనీ."

బండి కట్టారు. భాగ్యమ్మ కుండెడు పెరుగు, రొట్టెలు మూట గట్టి ఇచ్చి తోటికోడలి చేయి వదల్లేక వదిలింది. ఈ ఇంటికి కొత్తకోడలిగా వచ్చిన నాటి నుంచి ఒక్కనాడు కూడా కసరని మనిషి ఆమె. కురుమయ్య బండి చక్రం పట్టుకుని నిలబడ్డాడు. ఆపాలని నాలుక చివరి దాకా వచ్చింది. కాని ఏ మొహంతో ఆపుతాడు? తన కోసం ఒకసారి ఆగిపోయింది, చాలదా?

"పోయిరా వదినె. మళ్ల ఎప్పుడొస్తవ్?"

ఆమె ఏదో చెప్పబోయే లోపల ఇమామ్ సాహెబ్ ఉత్సాహంగా అందుకున్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి సాబ్. శనివారం పత్రిక రాంగనే అక్కను గూడ మా కాడ కూసోబెట్టి సదివి ఇనిపిస్త!"

శనివారం!

బండి కదిలింది. భాగ్యమ్మ భర్త పక్కకొచ్చి చెవిలో, "గా శనివారం భాగంల ఏం రాసినవో యాదికున్నదా?" అంది.

యాదికి లేకేం! పంపి చాలా రోజులైంది. ఈపాటికి అచ్చయిపోయి ఉంటుంది. టెలిగ్రాం కొట్టినా ఆగేది కాదు. బాలనాగమ్మ అంత్యక్రియల భాగం అది. కన్నీళ్లు రావాలని ఏరి కోరి పెట్టిన వాక్యం ఒకటి అందులో ఉంది: పుట్టింటి నుంచి బట్ట తెచ్చి కప్పేందుకు ఒక్క మనిషీ రాలేదు.

ఊరుకుంటే ఈ పూటకు గండం గడుస్తుంది. పేపర్లో వచ్చాక చూసుకోవచ్చు. ఆ ఆలోచన రానైతే వచ్చింది గాని, ఒక్క క్షణం కూడా నిలవలేదు. కురుమయ్య ధోవతి ఎగ్గట్టి, బడి పంతులునన్న సంగతి మరిచి, వీధంతా చూస్తుండగా బండి వెంట పరుగెత్తాడు.

"ఆపు బావా! జర ఆపు!"

బండి ఆగింది. రొప్పుతూనే చెప్పేశాడు. "శనివారం వచ్చేది ఇనకు వదినె. నీ సావుకు పుట్టింటోళ్లు ఎవ్వరు రాలేదని రాసిన. బట్ట గూడ తేలేదని రాసిన. అది ఇంగ ఆగదు. అచ్చయిపోయింది."

ఇమామ్ సాహెబ్ "యా అల్లా" అని గొణిగాడు. బాలనాగమ్మ కళ్లు మూసుకుంది. తిమ్మప్ప ఒళ్లోని చీర వైపు చూసుకున్నాడు, తర్వాత కురుమయ్య వైపు చూశాడు. కొట్టేవాడిలాగే ఉన్నాడు. కురుమయ్య వెనక్కి జరగలేదు.

"ఇమామూ," అన్నాడు తిమ్మప్ప.

"చెప్పు పటేల్."

"శనివారం ఒక్క అక్షరం ఇడవకుండ సదువు. గట్టిగ సదువు. ఊరందర్ని పిలువు." చీరను దులిపి, మడత విప్పి, చెల్లెలి భుజాల చుట్టూ కప్పాడు. "గీ బట్ట కప్పి, నా చెల్లెను నా పక్కన కూసోబెట్టుకొని నేను గూడ ఇంట. అప్పుడు చూస్త, ఎవడు నమ్ముతడో."

బాలనాగమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే అన్న భుజం మీద తల పెట్టుకుంది. ఎడ్లు కదిలాయి. కురుమయ్య వీధి మధ్య నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. బండి పెబ్బేరు దారి పట్టింది. మళ్లీ ఎప్పుడొస్తావని అడిగిన మాటకు వదిన జవాబు చెప్పనేలేదు.